ఘాట్ ఎక్కని క్యామ్

1997 వానాకాలం మొదట్లో నన్ను అరకు వర్క్‌షాపుకి ఫోర్‌మన్‌గా వేశారు. ప్రభుత్వ శాఖల జీపులు, మోటారు సైకిళ్ళు బాగుచేసే చిన్న షెడ్డు అది. ఫోర్‌మన్ అంటే మెకానిక్‌లకి పైన, సూపరింటెండెంట్‌కి కింద. బండి బాగా నడిస్తే పేరు పైవాళ్ళకి, మొరాయిస్తే తిట్లు మాకు.

చేరిన కొత్తలోనే సన్యాసిరావు అనే హెల్త్ అసిస్టెంటు ఒక పాత మూడువందల యాభై సీసీ మోటారు సైకిల్ని తోసుకుంటూ షెడ్డులోకి తెచ్చాడు. దూరప్రయాణాల కోసం చేసిన బరువైన బండి. ఒకప్పుడు విశాఖలో ఎవరో అధికారి దగ్గర దర్జాగా తిరిగి, వయసైపోయాక కొండ మీదికి బదిలీ అయింది. డుంబ్రిగుడ అవతల కొండమీది గూడేనికి పిల్లల టీకాల పెట్టె దానిమీదే వెళ్ళాలి. జీపు పట్టే దారి కాదది.

ఏమైందని అడిగాను.

"ఏటవుద్ది సార్, ఘాట్ ఎక్కనేదు. పెద్ద మలుపుకాడికి ఎల్లేసరికి దగ్గుతాది, సల్లారితేగాని మల్లీ కదలదు. గూడెపోల్లు మలుపుకాడ కాసుకుని తోత్తన్నారు. ఆల్లు పైకి సేర్సేతలికి పెట్టెలో ఐసు నీరైపోతంది."

ఐసు కరిగి వేడెక్కిన టీకామందు పనికిరాదు, పారబొయ్యాలి. ఆ పని అతను అప్పటికే ఒకటికి రెండుసార్లు చేశాడు. పక్క గూడేల నుంచి పిల్లల్ని నడుముకి కట్టుకుని వచ్చిన తల్లులు ఉత్తి చేతులతో తిరిగిపోయారు. అంతకుముందు ఏడే ఆ కొండలో తట్టు సోకి పిల్లలు పోయారు. ఈసారి కూడా మందు చెడకుండా రాకపోతే ఇంకెవరూ పిల్లల్ని తీసుకురారని గూడెం పెద్దావిడ సుక్రి తేల్చి చెప్పేసిందట. అది విన్నాక నాకు ఒళ్ళు మండింది. ఎవరిమీదో అప్పటికింకా తెలీదు.

మా పద్ధతి ఏమిటంటే, ఫిర్యాదు వచ్చిన బండిని ముందు ట్రయల్‌కి తీసుకెళ్ళాలి. అందులో నెగ్గితే దోషం లేదని తిప్పి పంపేస్తాం. చుట్టూ ఇన్ని కొండలుండగా మావాళ్ళు ట్రయల్‌కి ఎంచుకున్నది రైల్వేస్టేషన్ వైపు సాఫీగా పోయే రోడ్డు. ఒక్కళ్ళే ఎక్కి, ఖాళీ బండి నడిపి వచ్చేవారు. సూపరింటెండెంట్ గారు స్వయంగా వెళ్ళి, మొహం వెలిగిపోతూ తిరిగొచ్చారు.

"గుర్రమయ్యా ఇది! నడిపేవాడికే చేతకావడం లేదు" అన్నారు.

సన్యాసిరావు బండి తోసుకుపోవడానికి హేండిల్ పట్టుకున్నాడు. ఇదివరకు కూడా ఇదే మాట పడి వెళ్ళాడట. నేను మాత్రం బండిని వదల్లేదు.

నా అనుమానం కిక్ దగ్గర మొదలైంది. ఆ తరగతి ఇంజన్‌కి కిక్ కొడితే కాలికి ఎదురు తన్నాలి. ఇది మెత్తగా దిగిపోతోంది. అంటే సిలిండర్‌లో ఒత్తిడి నిలబడడం లేదు. ప్లగ్ విప్పి ఒత్తిడి కొలిచాను, ఆ కన్నంలోంచి కాస్త ఆయిల్ పోసి మళ్ళీ కొలిచాను. పిస్టన్ రింగులు అరిగి ఉంటే ఆయిల్‌తో ఒత్తిడి పెరగాలి, పెరగలేదు. సిలిండర్ మీది హెడ్ దించి, పెట్రోలు ఆవిరిని, పొగని వదిలే వాల్వుల మీద కిరసనాయిలు పోశాను, చుక్క కారలేదు, అవీ బాగానే ఉన్నాయి. మిగిలింది క్యామ్‌లే.

క్యామ్ అంటే ఒకవైపు ఉబ్బి ఉండే ఇనప బిళ్ళ. అది తిరుగుతూ వాల్వుని ఎంత ఎత్తాలో, ఎంతసేపు తెరిచి ఉంచాలో నిర్ణయిస్తుంది. ఇంజన్ కుడివైపు మూత విప్పి చూస్తే ఆ ఉబ్బు కంపెనీ క్యామ్ కంటే వెడల్పుగా ఉంది. ఎవరో వేగం కోసం రేసు క్యామ్‌లు వేయించారు. వాటితో వాల్వు ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. చదును రోడ్డు మీద, ఇంజన్ జోరుగా తిరిగేటప్పుడు అది వరం. బరువుతో మెల్లగా ఎత్తెక్కేటప్పుడు మాత్రం పీల్చిన పెట్రోలు ఆవిరి కొంత వెనక్కి కార్బురేటర్‌లోకే పోతుంది, లాగుడు చచ్చిపోతుంది. సన్యాసిరావు విన్న దగ్గు అదే.

షెడ్డు వెనక, ఇక పనికిరాదని కండెమ్ చేసిన అదే రకం బండి ఒకటి పడి ఉంది. దాని అసలు క్యామ్‌లు బాగానే ఉన్నాయి. కానీ కండెమ్ బండిలోంచి మేకు తియ్యాలన్నా సూపరింటెండెంట్ అనుమతి కావాలి. ట్రయల్ నెగ్గిన బండికి సామాను ఎలా ఇస్తానని ఆయన అడ్డం తిరిగారు.

"అయితే ఘాట్‌లో, లోడ్‌తో ట్రయల్ పెడదాం సార్" అన్నాను.

"లోడ్ ఎక్కణ్ణించి తెస్తావ్?"

"తమరున్నారు కదా."

ఆయనది మంచి భారీ విగ్రహం. ముందు ఉరిమి చూశారు, తర్వాత ఆయనకే నవ్వొచ్చింది. మనిషి చెడ్డవాడు కాదు, కాస్త మొండి. మొండితనంలో నేనూ తీసిపోను.

ఇంజన్ మళ్ళీ బిగించి నేను నడిపాను, ఆయన వెనక కూర్చున్నారు. సన్యాసిరావు ముందే వెళ్ళి మలుపు దగ్గర నిలబడ్డాడు. సరిగ్గా అతని ఎదుటికి వచ్చేసరికి బండి దగ్గి, నీలిగి, ఆగింది. పక్క పొలం చెక్కలో చోళ్ళు, అంటే రాగులు, విత్తుతున్న గూడెం మనుషులు ఎవరూ పిలవకుండానే వచ్చి చేతులు వేశారు.

"తమరు దిగాల సార్," అన్నాడు సన్యాసిరావు వినయంగా. "దిగి, ఓ సెయ్యి కూడా ఎయ్యాల."

సూపరింటెండెంట్ గారు చొక్కా తడిసిపోయేలా పైదాకా తోశారు. గూడెం మొదట్లో సుక్రి నిలబడి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"పెద్దాపీసరే తోసుకొచ్చినాడు. మరి ఈ బండెందుకు బాబూ?" అంది.

ఆయన రొప్పు తగ్గాక నావైపు తిరిగి, "విప్పవయ్యా ఆ కండెమ్ బండి" అన్నారు.

దాని క్యామ్‌లను సన్యాసిరావు బండిలో, గేర్ పళ్ళ మీది గుర్తులు కలిసేలా బిగించాను. ఇంజన్ చల్లారాక వాల్వుల్ని తోసే టాపెట్ల సందు సరిచేశాను. అంత ఎత్తులో గాలి పలచన గనక పెట్రోలు కాస్త తగ్గాలి. అందుకు కార్బురేటర్ సూది క్లిప్పుని ఒక గాడి పైకి మార్చాను. కిక్ కొడితే కాలికి ఎదురు తన్నింది. ప్రాణం లేచొచ్చింది.

టీకాల రోజు పెట్టె కట్టుకుని సన్యాసిరావు నడిపాడు, నేను వెనక కూర్చున్నాను. మలుపు దగ్గర గూడెం మగవాళ్ళు ఎప్పట్లాగే తొయ్యడానికి వరసగా నిలబడి ఉన్నారు. బండి వాళ్ళని దాటి, నిదానంగా, దగ్గకుండా ఎక్కేసింది.  వాళ్ళు అరుస్తూ వెనకాల పరిగెత్తారు. పైన సుక్రి పెట్టె మూత తీయించి, లోపల చెయ్యి పెట్టి చూసింది.

"ఐసు గడ్డ గడ్డగానే ఉంది" అని గూడెం వైపు తిరిగి, "పిల్లల్ని తెండర్రా, బేగి!" అని కేకేసింది.

ఆ తర్వాత మా ట్రయల్ రోడ్డు ఆ ఘాటే అయింది. వర్క్‌షాపులో బాగుందనిపించే ఇంజన్‌ని నేను మళ్ళీ నమ్మలేదు. ఏ బండైనా బాగుందో లేదో అది మొయ్యాల్సిన బరువుతో, ఎక్కాల్సిన దారిలోనే తేలుతుంది. అక్కడ దాన్ని రోజూ తోస్తున్నవాళ్ళని అడక్కుండా దోషం లేదని చెప్పే హక్కు ఫోర్‌మన్‌కి లేదు.