మా మేనత్త ముఖం

మా మేనత్త పోయిందన్న కబురు నేను మైదుకూరు సంతలో ఉండగా తెలిసింది. చెప్పినవాడు మా ఊరి మనిషే. "మీ అత్త పోయిందప్పా, పొద్దున్నే," అని, "శానా మంచిది," అన్నాడు. బతికి ఉండగా ఆ మాట ఆమె చెవిన వేసినవాళ్లు మా ఊళ్లో తక్కువ.

పదహారో ఏట ఆమెకు మొటిమలు లేచాయి. మామూలు మొటిమలు కావు. గడ్డం మీద, బుగ్గల మీద, వీపు మీద గడ్డలు కట్టి, చీము పట్టి, మానినచోట గుంటలు పడేవి. బేతంచెర్ల వైపు నుంచి పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ఆమెను చూసి మంచినీళ్లైనా ముట్టకుండా లేచిపోయారు. ఆ సాయంత్రానికే ఊళ్లో 'పెద్దరోగం' అనే మాట పుట్టింది. కుష్టును అలాగే అంటారు. తర్వాత చర్చిలో, అందరూ ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగే ప్రభు భోజనం వేళ సంఘపెద్ద ఆమెకు వేరే గిన్నె తెప్పించాడు.

మా తాత ఆమెను బండిలో మిషను ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ జరిగింది అత్తే నాకు చాలాసార్లు చెప్పింది. దొరసాని డాక్టరు సూదితో గుచ్చి చూసి, స్పర్శ బాగానే ఉంది, ఇది కుష్టు కాదందట. కంటికి కనబడని క్రిములు అందరి చర్మం మీదా ఉంటాయట. రోమం మొలిచే రంధ్రం జిడ్డుతో మూసుకుపోతే అవి లోపల పెరుగుతాయి. వాటి నుంచి ఊరేది తగిలి చుట్టూ ఉన్న చర్మకణాలు రేగుతాయి. వాపూ చీమూ అందువల్లే.

"అందరికీ ఉంటే నాకే ఎందుకొచ్చినాదమ్మా?" అని అత్త అడిగింది.

"అది మాకును ఇంకా తెలియదు," అంది డాక్టరు తన పుస్తకాల తెలుగులో.

పాస్టరుగారు ఆ సంగతి చర్చిలో అందరికీ చెప్పారు. సంఘపెద్ద లేచి, "దొరసాని కాదంటే సరిపాయనా అయ్యగారూ? మా బిడ్డోళ్లు అదే గిన్నెలో తాగాల గదా," అన్నాడు. వేరే గిన్నె అలాగే ఉండిపోయింది.

వయసు ముదిరాక గడ్డలు తగ్గాయి, గుంటలు మిగిలాయి. మరో సంబంధం రాలేదు. "పురుగు అందరి తోలు మీదా ఉండాది. నాదే కనపడినాది," అనేది. ఆడపిల్లలు మొటిమలు గిల్లుకుంటుంటే చెయ్యి లాగేసేది. "గిల్లొద్దే. లోపలికి పోతాది."

ఒక ఏడు ఊళ్లో వాంతిభేది పడింది. సొంత బంధువులే గడప తొక్కని ఇళ్లకు అత్త వెళ్లింది. నీళ్లు కాచి, ఉప్పు వేసిన గంజి తాగించింది. నన్నూ అలాగే బతికించింది. మంచం పట్టిన సంఘపెద్ద కూడా ఆమె చేతి ముంతలోనే తాగి లేచాడు. ఆ తర్వాతి ప్రభు భోజనానికి ఆమె అందరితో పాటు ముందుకు వెళ్లి నిలబడింది. ఆయన తల దించుకుని, ఆ వేరే గిన్నెనే అందించాడు. ఆమె పుచ్చుకోకుండా ఇంటికి వచ్చేసింది.

"ఎందుకొచ్చేస్తివి?" అని మా అమ్మ అడిగింది.

"వాంతులు కడిగేదానికి నా చేతులు పనికొచ్చినాయి వదినా. నోరు పనికి రాలే."

మళ్లీ ప్రభు భోజనపు బల్ల దగ్గరికి ఆమె పోలేదు.

సమాధి దగ్గర సంఘపెద్ద కొడుకు ఆమె సేవ గురించి చాలాసేపు మాట్లాడాడు. నాకు ఒక్క మాటా లోపలికి దిగలేదు. నా కూతురికి ఈ ఏడే మొటిమలు లేచాయి. ఆడవాళ్ల మధ్య ముఖం కప్పుకోకుండా నిలబడి ఏడుస్తోంది. పక్కనున్నామె దాని బుగ్గల వైపు ఒకసారి చూసి, చంకలోని బిడ్డను అవతలి చంకలోకి మార్చుకుంది.