సముద్రాన్ని నిలదీసిన పిల్ల

గోదారి పక్క చర్ల అనే ఊరి నుంచి వచ్చిన ఆ పిల్ల కాలేజీ హాస్టల్లో నా గదిలోనే ఉండేది. ఎవరు ఏది వద్దన్నా నడుం మీద చెయ్యి పెట్టి, "ఏమైతది?" అని అడిగేది. జవాబు కోసం మాత్రం ఆగేది కాదు.

డిగ్రీ చివరి ఏడాది చలికాలంలో కాలేజీ వాళ్లు టూరుకు తీసుకుపోయారు. ఆఖరి రోజు బందరు సముద్రం చూపించారు. "నీళ్లల్లో కాలు పెడితే బస్సెక్కనివ్వను," అన్నారు మేడం. ఆ చర్ల పిల్ల అప్పటికే మోకాళ్ల లోతుకు పోయింది. దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని, ఉమ్మేసి, సముద్రాన్నే నిలదీసింది.

"మా గోదారి నీళ్లన్నీ తాగి గూడ గిట్ల ఉప్పగుంటవా? సిగ్గులేదా నీకు?"

మేడం కూడా నవ్వేశారు. నేను ఒడ్డున వణుకుతున్నాను. "రావే పిరికిదానా, నేను పట్టుకుంటగా," అని చెయ్యి చాచింది. పోయాను.

ఇవాళ భద్రాచలం రేవులో నా రెండేళ్ల కూతురు నీళ్లలోకి దిగుతానని ఏడ్చింది. దానికి తుమ్మొస్తేనే నిద్రపోని తల్లిని నేను. అయినా రెండు చేతులూ పట్టుకుని దాని పాదాలు గోదారిలో దింపాను.

"చలిల పిల్లకు జ్వరమొస్తే ఎట్లనే?" అని గట్టు మీంచి అత్తమ్మ కేకేసింది.

"ఏమైతది అత్తమ్మా? నేను పట్టుకున్నగా."

ఇది రాస్తూ మాటిమాటికీ లేచి దాని నుదురు తాకి చూస్తున్నాను. చల్లగానే ఉంది. వేడెక్కితే దవాఖానాకు పోతాం. లేకుంటే రేపు మళ్లీ రేవుకే.