పాత పీసు తేని మనిషి

2023 మే నెల. బహదూర్‌పురాలో మాది లారీ స్పేర్ పార్ట్స్ దుకాణం. మా ఆయనకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక కౌంటర్ మీద నేనే కూర్చుంటున్నాను. మా దగ్గర ఒక పద్ధతి: కొత్త సామాను కావాలంటే పాతది పట్టుకు రావాలి. నోటితో చెబితే ఇవ్వను. తప్పు పీసు పోతే తిట్లు తినేది నేనే కదా.

ఆ పొద్దున జహనుమా మల్లేశ్ వచ్చాడు. పాల ట్యాంకర్ నడుపుకునే మనిషి. మొహం వాడిపోయి ఉంది.

"అక్కా, అన్నిట్లకెల్ల ఠండా థర్మోస్టాట్ ఇయ్యి. డెబ్బై ఒకటిది ఉంటదట గదా."

"ఏమైంది?"

"తాండూర్ కెల్లి పాలు ఏస్కొని వస్తుంటే అనంతగిరి ఘాట్ మీద ఇంజన్ గరమైతుంది. రెండుసార్లు ఆపిన, రెండుసార్లు పాలు ఇరిగినయి. ఇంకోసారైతే నీ బండి బంద్ అన్నరు డెయిరోళ్లు. రేపే ట్రిప్పు."

థర్మోస్టాట్ అంటే ఇంజన్ నీళ్లకు గేటు. నీళ్లు కాగేదాకా మూసుకుని ఉంటుంది, కాగాక తెరుచుకుని రేడియేటర్‌కు పంపుతుంది. దాని మీది నంబరు గేటు తెరుచుకోవడం మొదలయ్యే వేడి, డిగ్రీల్లో. మల్లేశ్ ఇంజన్‌కు ఎనభై రెండు ఉండాలి. డెబ్బై ఒకటిది ముందే తెరుచుకుంటుంది, నిజమే. కానీ బరువుతో ఘాట్ ఎక్కేటప్పటికి ఏ గేటైనా బార్లా తెరుచుకునే ఉంటుంది. ఒరిగేదేమీ లేదు, పైగా మామూలు రోడ్డు మీద ఇంజన్ చల్లబడి డీజిల్ తాగుతుంది.

ఇదంతా చెప్పి, "పాత పీసు ఏది?" అన్నాను.

"లేదక్కా."

"ఇంటికాడ మర్చినవా?"

"బండిలనే లేదు. పోయిన ఎండాకాలం ఖాజా భాయ్ తీసి పారేసిండు."

బండిలో లేనే లేని గేటు గురించి ఇంతసేపు ఉపన్యాసం ఇచ్చానన్నమాట! ఎదురుగా షెడ్డులో ఉన్న మెకానిక్ ఖాజా భాయ్‌ని కేకేసి, థర్మోస్టాట్ ఎందుకు తీశావని అడిగాను.

"మన ఎండలకు గదెందుకక్కా? గేటే లేకుంటే నీళ్లు మస్తు తిరుగుతయి. ఇరవై ఏండ్ల సంది గిట్లనే చేస్తున్న. కౌంటర్ మీద కూసొని నాకు పని నేర్పుతవా?"

నాకు ఒళ్లు మండింది. పక్క హోటల్ నుంచి తపేలా నిండా సలసల కాగే నీళ్లు తెప్పించి, ఎనభై రెండుది అందులో వేశాను. పైన గేటు తెరుచుకుంది, కింద ఇంకో రేకు దిగింది.

"కింద రేకు చూడు. బైపాస్‌ను మూసేది గదే."

బైపాస్ అంటే నీళ్లు రేడియేటర్‌కు పోకుండా తిరిగి ఇంజన్‌లోకే పోయే అడ్డదారి.

"మొత్తం పీకేస్తే ఆ దారి ఎవరు మూస్తరు? కాగిన నీళ్లల్ల కొన్ని సల్లారకుండనే ఎన్కకు పోతున్నయి భాయ్!"

ఖాజా తపేలా మీదికి వంగి చాలాసేపు చూశాడు. "యా అల్లా," అన్నాడు. ఆ పీసు తనే తీసుకెళ్లి బిగించాడు.

మర్నాడు పదకొండింటికి ఫోను. "అక్కా! ఘాట్ ఎక్కిన! గరం చూపే సూది నడిమిట్లకెల్లి కదల్లే! పాలు డెయిరీల దించిన!"

కౌంటర్ చరిచి నేను అరిచిన అరుపుకి మా ఆయన మోకాళ్ల సంగతి మరిచి పరుగెత్తుకొచ్చాడు. అంత సంతోషం దుకాణంలో నాకు ఇంకెప్పుడూ కలగలేదు.

సాయంత్రం ఖాజా భాయ్ వచ్చాడు. "ఎనభై రెండువి ఇంకో మూడు ఇయ్యి అక్కా."

"పాత పీసులేవి?" అన్నాను, కావాలనే.

అతను రెండు ఖాళీ చేతులూ ఎత్తి చూపించి నవ్వేశాడు. పద్ధతి తప్పి మూడూ ఇచ్చాను. ఇప్పుడు ఎవరైనా చేతులూపుకుంటూ వస్తే తిట్టను. పాతది ఎందుకు తేలేదో అడుగుతాను, జబ్బు సగం అక్కడే దొరుకుతుంది.