సలహాల నూకరత్నం

అండమాన్‌లోని బాంబూఫ్లాట్ జెట్టీ దగ్గరి రేకుల షెడ్డులో కూర్చుని నూకరత్నం ఇచ్చిన సలహాలు విని, మెయిన్‌లాండ్‌కి చదువుకోడానికి వెళ్ళినవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు లేరు. విని మానుకున్నవాళ్ళకి మాత్రం కొదవ లేదు. డిగ్లీపూర్ నుంచి బోటు మీద వాంతులు చేసుకుంటూ వచ్చిన అప్పలరాముడు ఒక్క పూట ఆమె చెప్పింది విన్నాడు. బతికుంటే బలుసాకు తినొచ్చనుకుని అదే బోటులో వెనక్కి పోయాడు. డాలీగంజ్ పిల్ల ఒకతె పెళ్ళి మాటెత్తితే కస్సుమనేది. రత్నం సలహా విన్న వారానికే పెళ్ళిచూపులకి ముస్తాబై కూర్చుంది.

అలాగని రత్నానిది చెడ్డబుద్ధి కాదు సుమండీ. చేపలవేట కోసం భీమిలి తీరం వదిలి దీవులకొచ్చిన పోలిరాజు కూతురామె. ఆ జాలరి వాడలో సముద్రం దాటి విశాఖపట్నంలో డిగ్రీ చదువుతున్న మొదటి పిల్ల. డెబ్బైల్లో దీవుల పిల్లలకి మెయిన్‌లాండంటే పరదేశమే. విశాఖ ఓడ ఎప్పుడో గాని దొరకదు. మద్రాసు దాకా ఓడ, అక్కడి నుంచి రైలు. రైలన్నది పుస్తకంలో బొమ్మ తప్ప ఎవరూ ఎరగరు. అందుకే సెలవులకి ఇంటికొచ్చినప్పుడల్లా, వెళ్ళాలా వద్దా అని ఊగిసలాడే పిల్లల్ని కూచోబెట్టి దారి చెప్పాలనుకుంది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. రత్నం అడక్కుండానే వడ్డించేది.

"రైల్ కా భరోసా మత్ కరో. బస్సునైతే అసలే నమ్మకు. మెస్సులో చేప మాటెత్తకు, ఇజ్జత్ పోతాది. మీదే ఊరని ఎవరైనా అడిగితే ఆలోచించి చెప్పు."

ఎందుకు దీదీ అని పిల్లలడిగితే కళ్ళజోడు సర్దుకుని "అనుభవం!" అనేది. ఆ అనుభవమేమిటో మాత్రం చచ్చినా చెప్పేది కాదు. చెబితే పెద్దరికం ఏం కాను? ఆమె చెప్పకుండా వదిలేసిన చోటల్లా వినేవాళ్ళు తమ భయాలు కూరుకునేవారు. మెయిన్‌లాండులో బస్సులు మనుషుల్ని మింగుతాయని కూడా ఒక పుకారు లేచింది.

అసలు సంగతేమిటంటే రత్నానికి తోడు కావాలి. హాస్టల్ మొత్తానికి దీవుల పిల్ల తనొక్కతే. రెండేళ్ళపాటు దిండులో మొహం పెట్టుకుని ఏడ్చింది. ఇక వల్లకాక, ఈ ఏడు కూడా ఎవరూ రాకపోతే తనూ వెళ్ళననీ, చివరి ఏడాది చదువు గంగలో కలిసినా సరేననీ తల్లి బుల్లమ్మకి చెప్పేసింది.

బుల్లమ్మ నెత్తి కొట్టుకుంది. "ఒసే, నీ నోరే నీ కొంప ముంచుతోందే! చేప వడిలిపోతే కాసిని నీళ్ళు జల్లి అమ్ముతాం గానీ, వడిలిపోయిందని వీధిలో కేకలేస్తామా? ఆ సీతాలు దగ్గరైనా కాస్త తియ్యగా చెప్పవే తల్లీ."

సీతాలు ఆ వాడ పిల్లే. రత్నం చదివే కాలేజీలోనే ఆ ఏడు సీటొచ్చింది. వెళ్ళాలని పిల్లకి ప్రాణం కొట్టుకుంటోంది. కానీ తల్లీతండ్రీ లేని ఆ పిల్లని పెంచింది మామ్మ కామమ్మ. కామమ్మ ఊ అంటే ప్రయాణం, లేకపోతే లేదు. ఆవిడ జెట్టీ పక్కన గంప పెట్టుకుని చేపలమ్ముతుంది. ఆవిడతో బేరమాడి నెగ్గినవాణ్ణి ఆ రేవులో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

ఒక ఉదయం రత్నం ఆ గంప ముందు పీట వేసుకుని కూచుంది. సీతాలు పక్కనే నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది.

"మామ్మా, హాస్టల్ అంటే మహల్ అనుకో. మెస్సులో రోజూ కోనాం చేప ఇగురే. వార్డెనమ్మ కన్నతల్లి కన్నా ఎక్కువ. మా అండమాను పిల్లొచ్చిందని అందరూ చంకనెత్తుకుంటారు. కష్టమన్న మాటే లేదు మామ్మా, సచ్!"

సీతాలు కళ్ళు చేటలంతయ్యాయి. కామమ్మ మాత్రం చేతిలోని చేప మీద ఈగలు తోలుకుంటూ అంతా విని, నెమ్మదిగా నోరు విప్పింది.

"ఓలమ్మా, నా సిన్నప్పట్నుంచీ సేపలమ్ముతన్నాను. సేప మంచిదైన రోజు నానేటీ సెప్పను. మొప్పెత్తి సూసుకోమంటాను, అంతే. కుళ్ళిన రోజే నూకాలమ్మ మీద ఒట్టేసి మరీ సెప్తాను. నువ్వింతలా పొగుడుతన్నావంటే ఆడేదో గబ్బుంది. మా గుంటని పంపను. బస్, ఖతమ్!"

సీతాలు మొహం వాడిపోయింది. ఇంకో ఏడాది ఆ హాస్టల్ గదిలో ఒంటరిగా పడుండడం తలుచుకునేసరికి రత్నానికి దుఃఖం కట్టలు తెంచుకుంది. పెద్దరికం, కళ్ళజోడు అన్నీ పక్కన పడేసి భోరుమంది.

"గబ్బే మామ్మా! అంతా గబ్బే! మొదటిసారి వెళ్తున్నప్పుడు బెజవాడలో రైలాగింది. ఓడ రేవులో ఆగితే సరుకు దించి ఎక్కించేదాకా కదలదు కదా, రైలూ అంతేననుకున్నాను. తీరిగ్గా దిగి, కృష్ణలో మునిగి, పూలు కొనుక్కుని వచ్చేసరికి రైలు లేదు! నా పెట్టె దాంట్లోనే పోయింది. స్టేషన్ మాస్టరు పెట్టె గుర్తులేటని అడిగితే ఎండుచేపల వాసనన్నాను. ముందొచ్చే స్టేషన్‌కి తంతి కొట్టాడు. ఆ పెట్టె దొరికింది, తొందరగా వచ్చి పట్టుకుపొండని వాళ్ళు బతిమాలుకున్నారు!"

కామమ్మ చేతిలోని చేప గంపలోకి జారింది.

"మన ఇస్కూల్లో అంతా హిందీయే కదా మామ్మా. బస్సు మీద తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివేలోపు బస్సెళ్ళిపోతాది. చదివేశానని ఎక్కిన రోజు అది వేరే బస్సై సింహాచలం కొండ మీద తేలాను. ఎలాగూ వచ్చానని దణ్ణం పెట్టుకున్నాను. అండమాననగానే, మీ తాత ఏం నేరం చేశాడే అంటారు. చేపలు పట్టాడంతే అన్నాను. అయ్యో, దానిక్కూడా జైలేనా అని జాలిపడ్డారు!"

కామమ్మ ఒక్కసారిగా గొల్లుమంది. పొట్ట పట్టుకుని, గంప మీదకి ఒరిగి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. ఫెర్రీ కోసం నిలబడ్డ జనం కూడా గుమిగూడి నవ్వారు. సీతాలు నవ్వలేక ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. రత్నానికి సిగ్గుతో చచ్చినంత పనైంది.

నవ్వు ఆగాక కామమ్మ ఆమెనే చూస్తూ అడిగింది. "మరి ఇన్ని పడి మల్లీ ఎందుకెల్లావే?"

"చదువు బాగుంటాది మామ్మా." రత్నం ముక్కు తుడుచుకుంది. "ఒక రోజు మైక్రోస్కోపులో చేప పొలుసు పెట్టి చూపించారు. దాని మీద గీతలు లెక్కపెడితే ఆ చేపకెన్నేళ్ళో తెలిసిపోతాది. అది చూసి ఒళ్ళు ఝల్లుమంది. వెంటనే ఎవరికైనా చెప్పాలనిపించింది. మనవాళ్ళెవరూ లేరు మామ్మా అక్కడ. ఆ రాత్రి గోడకి చెప్పుకున్నాను."

కామమ్మ గంపలోంచి ఒక చేప తీసి, పొలుసుల మీద బొటనవేలు రాసి చూసింది. దాన్ని మళ్ళీ గంపలో పెట్టేసి మనవరాలి వైపు తిరిగింది.

"సీతాలూ, పెట్టె సర్దుకో. ఎల్లు."

సీతాలు ఎగిరి గంతేసింది. "దీదీ నన్ను బాగా చూసుకుంటాదనా మామ్మా?"

"ఇదా? నిన్ను సూసుకునేది ఇదా? దీని మొకం!" అంది కామమ్మ. "దీన్ని నువ్వు సూసుకోవాలే. నీ సదువు సంగతి తరవాత. ముందు ఈ గుంటని గోడలతో మాటాడనీకు."

రత్నం ఏదో సలహా చెప్పబోయింది. ఈలోగా సీతాలు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, "అలాగే మామ్మా" అని తలూపింది.