నత్తల చదువు

ఆ రోజు కోదాడలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న అమ్మాయి, అరచేతిలో చారల నత్తగుల్ల ఒకటి చూపించింది. “సముద్రంలది, ఆంటీ. దీని మీదనే రీసెర్చ్ చేస్తున్న.”

ముందు సీట్లోంచి ఆమె మేనమామ వెనక్కి తిరిగాడు. “నత్తల సదువు ఖతం. ఇగ ఇంటికాడ ఉండి బీఎడ్ చెయ్యి.”

“మామా, ఇది మెల్లగ పాకుతదని చేపలు లెక్కజెయ్యవు. ఒక్క విషపు పోటుతోటి చేపను పడగొట్టి మింగుతది. ఆ విషం నుంచే నొప్పికి మందు గూడ తీసిర్రు. నేను సదువు ఆపను.”

మునగాలలో బస్సు ఆగగానే, తిరిగి కోదాడ మీదుగా యూనివర్సిటీకి వెళ్లడానికి ఆమె దిగిపోయింది. కింద నుంచి చెయ్యి చాపితే, ఆమె సంచిని కిటికీలోంచి నేనే అందించాను.

“ఆ పిల్ల నీకేమైతదమ్మా?” అని మేనమామ నా మీద అరిచాడు.

“పేరు గూడ తెల్వదు” అన్నాను.