చిన్నమ్మ పాలపాట కోసం వచ్చిన స్కాట్లాండ్ గాయని

ఈ ప్రయాణం అనుమానంతోనే మొదలైంది. గౌలిపురలో బర్రెలను పెంచే మా చిన్నమ్మ పాలు పిండేటప్పుడు మల్లన్న మీద ఒక పాట పాడుతుంది. ఆమె తప్ప ఆ పాట వచ్చినవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. ఐలా అనే స్కాట్లాండ్ జానపద గాయని దాన్ని తన కొత్త ఆల్బమ్‌కు రికార్డు చేస్తానంటోందని చిన్నమ్మ కోడలు సుజాత ఫోన్ చేసింది. దేవుడి పాట రేపు ఏ బారులో మోగుతుందోనని నాకు మనసు నిలవలేదు.

మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగాను. దారిలో, సుజాత పంపిన ఐలా పాటలు విన్నాను. తొలి ఆల్బమ్‌లో గిటారు జోరు, చప్పట్లు, గ్లాసుల చప్పుడు. తర్వాతిదానిలో డ్రమ్ములు చేరాయి. ఈమధ్య పాడినవాటిలో ఒట్టి గొంతే. మాట అర్థం కాకపోయినా కళ్ళు చెమర్చాయి. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. ఇంత బాగా పాడే మనిషికి మా పాటెందుకు? స్టేషన్ బయట ఆటో డ్రైవర్ నూట యాభై అడిగి వందకు ఒప్పుకున్నాడు. “ఫారినామె ఉన్న గల్లీనే గదమ్మా? పొద్దుగాల నేనే దించిన. సామాను మస్తుండె,” అన్నాడు. అన్నీ మషీన్లే అయి ఉంటాయనుకున్నాను.

కొట్టంలో ఐలా దణ్ణం పెట్టింది. నేనూ పెట్టాను గాని నవ్వలేదు. “పాట కింద ఎవరి పేరు రాస్తదో అడుగు,” అన్నాను సుజాతతో మెల్లగా.

సుజాత అడిగి, ఆమె జవాబు మాకు చెప్పింది. “మా అత్తమ్మ పేరే రాస్తదంట ఒదినె. వాళ్ళ నాయనమ్మ గూడ ఆవుల్ని పిండుకుంట పాడేదంట. ఈమెనేమో పట్నంల బార్లల్ల పాడుకుంట తిరిగింది. ముసలామె పోయినంక ఆ పాటలు ఎతుక్కుంటున్నదంట. సగమే యాదికున్నయంట.”

“చెప్పుడుకేంది, ఎవలైనా చెప్తరు,” అన్నాను.

“లొల్లి ఎందుకే?” అంది చిన్నమ్మ. “గా డబ్బా బంద్ చెయ్యమను. మా అత్త నాకు నేర్పినట్టే నేర్పుత. బర్రె చేపినంకనే మషీన్ పెట్టుకోమను.”

ఒకప్పుడు మా ఇళ్ళల్లో కొత్త కోడలికి పెట్టిన పరీక్ష ఇదే. ఆమె పాట విని బర్రె పాలు దించాలి. ఐలా మైకు సంచిలో పెట్టేసి చాలాసేపు నేర్చుకుంది. నాలుగింటికి పొదుగు దగ్గర కూర్చుని పాడింది. చుక్క రాలేదు సరికదా, బర్రె చెంబును తన్నింది.

“నీ గిటారు ఎన్నడూ గిట్ల తన్నలేదు గద బిడ్డా!” అని చిన్నమ్మ పకపకా నవ్వింది.

మర్నాడే ఆమెకు విమానం ఉందని తెలిసి, ఇక దొంగచాటుగా రికార్డు చేస్తుందేమోనని సంచి మీదే కన్నేసి కూర్చున్నాను. ఇంతలో ఆమె ఫోన్ తీసింది. “ఏం జేస్తున్నదే?” అన్నాను గాభరాగా.

సుజాత తొంగి చూసింది. “టికెట్ వచ్చే వారానికి మార్చుకుంటున్నది ఒదినె.”

నాకు నమ్మకం పూర్తిగా కుదిరిందని చెప్పను. కానీ బార్లలో చప్పట్లు కొట్టించుకున్న మనిషి, బర్రె తన్నినా పీట మీంచి లేవలేదు. ఒట్టి గొంతుతో అలా పాడటం ఆమెకు ఎలా వచ్చిందో నాకు కొంత తెలిసింది. మిగతాది మల్లన్నకు, ఆ బర్రెకు వదిలేశాను.

మీరు వెళ్తే నాలుగింటికి ముందే చేరండి. కొట్టంలోకి అడుగు పెట్టేముందు ఫోన్ మోగకుండా చేసుకోండి. బర్రె బెదిరిందంటే ఆ పూటకు పాలూ ఉండవు, పాటా ఉండదు.