పండుగొప్పల్ని కాలువలో కలిపిన ముక్కు

ఒక పెళ్లి విందును, ఒక స్నేహాన్ని, నా పరువును ఒకే పొద్దున నేను కాలువలో కలిపేశాను. నవ్వాలనుకుంటే ఇప్పుడే మొదలుపెట్టండి, తర్వాత ఊపిరాడదు. నాకు సంతకం పెట్టడం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. మధ్యలో దాని చెయ్యి ఆగిందంటే నవ్వుతోందని అర్థం.

నేను కంకిపాడు మార్కెట్లో చేపలమ్ముతాను. మా వాళ్లది బందరు వైపు సముద్రపు వేట. మా ఆయన పోయాక గంప ఎత్తుకుని ఇటు వచ్చి స్థిరపడ్డాను. మార్కెట్లో నాకు రెండు పేర్లు. ఒకటి నాంచారమ్మ. రెండోది ముక్కు నాంచారమ్మ. ఈ రెండో పేరు ఊరికే రాలేదు. మా దగ్గర ఒక పద్ధతుంది. పెద్ద సరుకు ఎవరు కొన్నా, బేరం ఖాయం చేసుకునే ముందు నన్ను పిలుస్తారు. నేను చేప మొప్ప ఎత్తి వాసన చూస్తాను. బాగుంటే చేప తల మీద ఒక దెబ్బ వేస్తాను, చంటిపిల్లకు జో కొట్టినట్టు. బాగాలేకపోతే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మొహం తిప్పేసుకుంటాను. అంతే. ఆ తర్వాత కలెక్టరొచ్చి బాగుందన్నా ఆ చేప అమ్ముడుపోదు. నలుగురిలో నాకున్న ఆస్తంతా ఆ ముక్కే.

అలాంటి ముక్కు ఒక జ్వరంలో పోయింది.

జ్వరం తగ్గి లేచాక చేపల పులుసు పెట్టాను. నాలుకకు ఉప్పు తెలిసింది, పులుపు తెలిసింది, కారం తెలిసింది. చేప మాత్రం తెలియలేదు. వేడినీళ్లలో ఉప్పూ కారం వేసుకుని తాగినట్టుంది. "పులుసులో చేప వెయ్యలేదేంటే?" అని కోడల్ని కేకలేశాను. "వేసింది మీరే కదత్తయ్యా, తింటోంది కూడా మీరే" అంది. చేతిలోకి చూసుకుంటే నిజంగానే ముల్లుంది. దండెం మీది మాసిన రవికను మొహానికి అద్దుకుని చూశాను. గంప మీద గోనెపట్టాను అద్దుకుని చూశాను. ఏమీ లేదు. సినిమా నడుస్తుండగా మాటలు పోయి బొమ్మ మాత్రం కదిలినట్టుంది లోకం.

అప్పుడు తెలివైన మనిషి ఏం చేస్తుంది? డాక్టరు దగ్గరికి పోతుంది. నేనేం చేశాను? నోరు మూసుకున్నాను. ముక్కు నాంచారమ్మకు ముక్కు లేదని తెలిస్తే ఇక మిగిలేది ఉత్త నాంచారమ్మే కదా! అందుకని నాటకం మొదలుపెట్టాను. చేప దగ్గరికి వంగి, పది బారల దూరానికి వినపడేలా గట్టిగా ఊపిరి పీల్చేదాన్ని. లోపల మాత్రం కంటితో మొప్పల ఎరుపు చూసుకునేదాన్ని, వేలితో కండ నొక్కి పైకి లేస్తుందో లేదో చూసుకునేదాన్ని. చాలా రోజులు ఒక్క తప్పు కూడా జరగలేదు. ఇది నా గొప్ప కాదు, నా కళ్లూ వేళ్లూ చేసిన పుణ్యం. పాపం, వాటికి ఏ పేరూ రాలేదు.

ఇక అసలు సంగతి.

విజయవాడ వన్ టౌన్‌లో ఖాజా మేస్త్రి అని పెళ్లి వంటలు చేసే ఆయన ఉన్నారు. ఆయనకు వేరే చోట చేప కొనడం చేతకాదు, నా దెబ్బ పడిన చేపే కావాలి. ఆ రోజు ఆయన చుట్టాలింట్లో వలీమా. అంటే పెళ్లయ్యాక పెళ్లికొడుకు వాళ్లు పెట్టే విందు. బిర్యానీ పక్కన పండుగొప్ప పులుసు పెట్టాలని మా పక్క గట్టు మీద చేపలమ్మే ధనలక్ష్మికి చెప్పారు. ధనలక్ష్మి నాకంటే చిన్నది, నన్ను వదినా అంటుంది. చెరువులో అప్పుడే పట్టించిన చేపల్ని పెద్ద తొట్టెలో ఐసు మీద పేర్చి, పెళ్లికూతుర్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టింది.

"రా వదినా, ఒక్క దెబ్బ వేసిపో. మేస్త్రిగారి ఆటో ఆగుంది" అంది.

నేను వంగాను. మొప్ప ఎత్తాను. నాటకానికి ఎప్పటిలాగే గట్టిగా పీల్చాను. అంతే! గుప్పుమంటూ వాసనొచ్చింది. అన్నాళ్ల తర్వాత, వాసన! పాత టైరును కిరసనాయిల్లో తడిపి తగలబెడితే ఎలా ఉంటుందో అలా ఉంది. కానీ మనసులో మాత్రం మేళాలు మోగాయి. నా ముక్కు తిరిగొచ్చింది!

చూడండి, కన్ను చెబుతోంది మొప్పలు మందారంలా ఉన్నాయని. వేలు చెబుతోంది కండ రబ్బరుబంతిలా ఉందని. అన్నాళ్లు నా పరువు కాపాడిన వాళ్లిద్దరినీ నేను పట్టించుకోలేదు. జ్వరంలో ఊడి, ఇవాళ పొద్దున మళ్లీ వచ్చిన ముక్కు మాటే విన్నాను.

కొంగు అడ్డం పెట్టుకుని మొహం తిప్పేశాను.

ధనలక్ష్మి నవ్వింది. "ఏంటొదినా, పొద్దున్నే ఎకసెక్కాలు?"

"ఎకసెక్కం కాదే పిల్లా. కుళ్లిపోయాయి."

"చెరువు నుంచి వచ్చి ఇంకా గంట కాలేదు. నోరు ఆడిస్తూ చేప ఒకటి నన్ను చూస్తోంది కూడా!"

"కిరసనాయిలు కొట్టి తెచ్చావు. చచ్చినవాటికి మెరుపు పెట్టావు."

"వదినా!" అని అరిచింది. అప్పటిదాకా బేరాలాడుతున్న వాళ్లంతా తలలు తిప్పారు. ఖాజా మేస్త్రిగారు మధ్యలోకొచ్చి ఒక చేపను తన ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "నాకు బాగానే ఉందే నాంచారమ్మా" అన్నారు మెల్లగా.

"మేస్త్రిగారూ, మీరు మసాలా మనిషి. మీ ముక్కులో దాల్చినచెక్క ఉంది. మీకేం తెలుస్తుంది?"

పెద్దమనిషి, చేపను మళ్లీ తొట్టెలో పెట్టేశారు. ఎదురు చెప్పుంటే నేను ఆగేదాన్నేమో. మేస్త్రిగారి కొంప ముంచాలని నాకుందా? పెళ్లివారింట్లో కడుపులు చెడితే ఎవరి పాపం? అనుకుంటూ పుణ్యం మూటగట్టుకునే ఊపులో తొట్టె అంచు పట్టుకుని ఎత్తేశాను. మా గట్ల వెనకే కాలువ. ఐసుతో సహా పండుగొప్పలన్నీ జరజరా జారి నీళ్లలో పడ్డాయి. వాటిలో ఒకటి తోక కొట్టి ఈదుకుంటూ పోయిందని ధనలక్ష్మి ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది. నేను ఒప్పుకోను.

ఖాజా మేస్త్రిగారు తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి, దాన్నే కింద పరుచుకుని కూర్చుండిపోయారు.

"మధ్యాహ్నం నమాజు అవగానే పంక్తి వెయ్యాలి" అన్నారు. ఎవరితో అన్నారో ఆయనకే తెలియదు.

ఎవరో నా చేతిలో టీ గ్లాసు పెట్టారు, చల్లబడతానని. ఒక్క గుక్క తాగి థూ అని ఊసేశాను. "దీంట్లోనూ టైరు కాల్చారా!"

ధనలక్ష్మి అప్పటిదాకా ఏడుస్తున్నది ఆగింది. నన్ను పైనుంచి కిందికి చూసింది. నా చెయ్యి పట్టుకుని గట్టు చివరికి లాక్కుపోయింది. అక్కడ పీతల బుట్టల్లో ఎరగా పెట్టడానికి నిన్నటి రొయ్య తలకాయలు దాచిన తొట్టి ఉంది. మూత తీస్తే కాకి కూడా పక్కకు తప్పుకుని ఎగిరే సరుకది.

"ఇది చూడు వదినా."

పీల్చాను. చుట్టూ ఉన్నవాళ్లు ముక్కులు మూసుకుంటున్నారు. నేను మాత్రం ఇంకోసారి పీల్చాను.

"బాగానే ఉందే. మాగిన సపోటా పండులా ఉంది" అన్నాను.

ఆ మాట నా చెవిన పడ్డాక తొట్టి మూత నేనే మూసేశాను.

"ఎప్పటి నుంచి?" అంది ధనలక్ష్మి.

"జ్వరం వచ్చినప్పటి నుంచి."

"మరి ఇన్నాళ్లూ చూసిన వాసనలు?"

"ఉత్త గాలి."

నా జుట్టు పట్టుకుంటుందనుకున్నాను. పట్టుకున్నా తప్పులేదు. నలుగురిలో దాన్ని దొంగను చేశాను, దాని సరుకు నీళ్లపాలు చేశాను. అది మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని, మార్కెట్ కప్పు ఎగిరిపోయేలా అరిచింది. "ఇదిగో, అందరూ వినండి! మా వదినకు ముక్కు పాడైంది, మనసు కాదు. మేస్త్రిగారి పంక్తికి అందరూ తలా కాస్త చేపలివ్వండి. లెక్కలు రేపు చూసుకుందాం!"

ఇచ్చారండీ. ఒకరు బొచ్చె ఇచ్చారు, ఒకరు శీలావతి ఇచ్చారు, ఒకామె తన ఇంటికి దాచుకున్న కొరమేను తెచ్చి ఇచ్చింది. నేను కత్తిపీట ముందు కూర్చుని పొలుసు తీస్తూనే ఉన్నాను, తల ఎత్తకుండా. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే పొలుసు పడిందని చెప్పుకున్నాను. ఖాజా మేస్త్రిగారు ఆటో ఎక్కుతూ, "ఇన్ని రకాల చేపలు ఒక్క దేగిసాలో ఎప్పుడూ వండలేదు నాంచారమ్మా. కుదిరితే నీ పేరు పెడతా, కుదరకపోతే కూడా నీ పేరే పెడతా" అన్నారు. కుదిరింది. ఇప్పటికీ ఆయన వంటల్లో నాంచారమ్మ పులుసు అని ఒకటుంది. అదెందుకు పుట్టిందో తినేవాళ్లకు తెలియదు. మీరూ చెప్పకండి.

మర్నాడు ధనలక్ష్మి నన్ను బస్సెక్కించి విజయవాడలో ముక్కు డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. దారంతా తిట్టింది, కిటికీ పక్క సీటు మాత్రం నాకే ఇచ్చింది.

డాక్టరమ్మగారు చిన్నపిల్ల. ముక్కులోకి దీపం వేసి చూసి, "అమ్మా, మీ ముక్కు చెడిపోవడం లేదండీ, బాగుపడుతోంది" అన్నారు.

"బాగుపడుతుంటేనే మార్కెట్టంతా కాలువలో పోసింది. బాగుపడ్డాక ఏం చేస్తుందో!" అంది ధనలక్ష్మి.

ఆవిడ నవ్వి, బొమ్మ చూపించి చెప్పారు. ముక్కు లోపల పై అంచున వాసన పట్టే నరాలుంటాయట. సన్నని తోకల్ని జల్లెడలాంటి ఎముక గుండా పైకి పంపి మెదడుకు కబురు చెబుతాయట. ఒంట్లో చాలా నరాలు ఒకసారి పోతే మళ్లీ పుట్టవట. ఈ ముక్కు నరాలు మాత్రం వేరు. పాతవి రాలిపోతుంటే కొత్తవి మొలుస్తూనే ఉంటాయట, నా వయసులో కూడా. నా జ్వరం పాతవాటిని ఊడ్చేసింది. ఇప్పుడు కొత్తవి మొలిచి పైకి పాకుతున్నాయి.

"పాకేటప్పుడు కొన్ని దారి తప్పుతాయండీ. ఒక చోటికి పోవాల్సింది ఇంకో చోటికి పోతుంది. మెదడుకు సగం కబురే అందుతుంది. దాంతో అది ఏదో ఒకటి ఊహించుకుంటుంది."

నాకు వెంటనే అర్థమైంది. వన్ టౌన్‌లో బండి లాగే కూలీలందరూ ఒక్కరోజే మానేసి, మర్నాడు అంతా కొత్తవాళ్లు వచ్చారనుకోండి. బెల్లం గోదాములో దించాల్సిన బస్తా మిరపకాయల గోదాములో దించుతారు. లోపలున్న గుమస్తా కళ్లు తెరవకుండానే, "ఆ, మిరపకాయలొచ్చాయి" అని కేకేసి తుమ్ముతాడు. ఆ తుమ్మే నేను ధనలక్ష్మి మీద తుమ్మాను.

"మరి వాళ్లకు దారి ఎవరు నేర్పుతారమ్మా?" అన్నాను.

"మీరే" అన్నారు డాక్టరమ్మగారు. పొద్దునా సాయంత్రం నిమ్మకాయ, లవంగం, గులాబీ, నీలగిరి తైలం ఒక్కొక్కటే వాసన చూడాలి. చూసేటప్పుడు అది ఏంటో మనసులో గట్టిగా తలుచుకోవాలి. నెలలు పట్టొచ్చు, ఓపిక పట్టాలి అన్నారు.

నాకు చదువు రాలేదు కదా, ఈ వయసులో నా ముక్కును బళ్లో వేశారు. పంతులమ్మ ధనలక్ష్మి. రోజూ నా కళ్లు మూయించి సీసా ముక్కు దగ్గర పెట్టేది.

"ఏంటిది?"

"ఏమీ లేదు."

"నిమ్మకాయ వదినా! అన్నయ్య తాగొచ్చిన రోజున మజ్జిగలో పిండి, ఆయన్ని తిట్టుకుంటూ తాగించేదాన్నని చెబుతుంటావే, అది!"

"ఆ! తిట్లు గుర్తొచ్చాయి, వాసన రాలేదు."

"తిట్లొచ్చాయిగా, వాసన వెనకాలే వస్తుందిలే."

లవంగం ముందొచ్చింది, పంటి నొప్పితో సహా. గులాబీ చాలా ఆలస్యంగా వచ్చింది. కళ్లు మూసుకుని ఉండగా మా ఆయన మీద చివరిసారి చల్లిన పూలు కళ్ల ముందు కనపడ్డాయి. ఆ వెంటనే వాసన వచ్చింది, పల్చగా, తలుపు సందులోంచి చూసినట్టు. ధనలక్ష్మి సీసా అలాగే పట్టుకుని కూర్చుంది. నేను దొంగను చేసిన ఆ మనిషి, చెయ్యి నొప్పెట్టినా దించలేదు.

ఇలా కొన్నాళ్లు గడిచాక ఒక పొద్దున మార్కెట్లో దాని గట్టు పక్క నుంచి పోతున్నాను. టక్కున ఆగిపోయాను. వెనక్కి వచ్చి పీల్చాను. మళ్లీ తొందరపడకూడదని వేలితో నొక్కాను, కంటితో చూశాను. ముగ్గురూ ఒకే మాట మీద ఉన్నారు.

దాని చెవి దగ్గర వంగి, "పిల్లా, ఏమీ అనుకోకు. ఈ బొచ్చె నిన్నటిది. కంపు కొడుతోంది" అన్నాను.

ధనలక్ష్మి ఆ చేపను ఎత్తి వాసన చూసింది. కింద ఐసు కరిగిపోయి ఆ ఒక్కటీ నిజంగానే పాడైంది. దాని మొహం వెలిగిపోయింది. గట్టెక్కి నిలబడి, మార్కెట్టంతా దద్దరిల్లేలా అరిచింది.

"వినండర్రా! నా చేపలు కంపు కొడుతున్నాయంట! మా వదిన చెప్పింది! నిజంగానే కొడుతున్నాయి!"

నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. ఇద్దరం నవ్వుతున్నాం, ఏడుస్తున్నాం. చుట్టుపక్కల వాళ్లు చప్పట్లు కొడుతున్నారు. దాని గట్టు ముందు సంచులు పట్టుకుని నిలబడ్డ బేరాలవాళ్లు మాత్రం ఒక్కొక్కరే జారుకుని, అవతల వరసలోకి పోయారు. ఆ పొద్దున దానికి ఒక్క చేప అమ్ముడుపోలేదు. తన గురించి కంపు అన్న మాటకు అంత సంబరపడిన మనిషి కృష్ణా జిల్లాలో ఇంకొకరు లేరు.

కాబట్టి, బందరు సముద్రం సాక్షిగా, నా ముక్కులో ఎవరి మాటా వినకుండా మొలుస్తున్న ప్రతి కొత్త నరం సాక్షిగా నేను ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ముక్కు చెప్పేది తీర్పు కాదు, సాక్ష్యం మాత్రమే. కన్ను, వేలు, ధనలక్ష్మి, ఈ ముగ్గురూ ఒప్పుకుంటే తప్ప ఏ చేప జోలికీ పోను. ఎప్పుడైనా మాట తప్పి తొట్టె అంచు మీద చెయ్యి వేశానంటే, చేపల్ని వదిలేసి నన్నే కాలువలోకి తొయ్యమని ధనలక్ష్మికి చెప్పి ఉంచాను.

అది అప్పటి నుంచి రోజూ కొంగు బిగించుకునే గట్టుకు వస్తోంది.